పాడినవాళ్ళ ఊళ్ళో వినపడాలి: దక్షిణ ఒడిశాలో ఒక చైత్ర యాత్ర

ఇంటికొచ్చి సంచి ఖాళీ చేయగానే ఇది రాయడానికి కూర్చున్నాను. ఆలస్యమైతే ఊళ్ళ పేర్లు, ధరలు గుర్తుంటాయి గానీ మనుషులు మాట్లాడిన తీరు జారిపోతుంది. విశాఖ నుంచి కొండెక్కి కోరాపుట్, జయపురం, అక్కణ్ణుంచి రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, చివరికి గంజాం జిల్లా పల్లెలు. రాష్ట్రం ఒడిశా అయినా దారి పొడుగునా తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది.

నేను కొన్నేళ్ళు రేడియోలో క్యాజువల్ అనౌన్సరుగా పనిచేశాను. జానపద గేయాల కార్యక్రమం అంటే ముందో నాలుగు మాటలు, ఐదు నిమిషాల పాట, వెంటనే ప్రకటన. ఆ పాట పాడినవాళ్ళు దాన్ని విన్నారా లేదా అన్నది మాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఊరి కళ ఊరివాళ్ళ చెవికి ఏ దారిన చేరుతోందో చూడాలని చాలాకాలంగా కోరిక. చైత్రంలో ఆ దేశమంతా పాటలతో, ఆటలతో ఉంటుంది కాబట్టి ఇప్పుడు బయల్దేరాను.

ఏప్రిల్ 6, కోరాపుట్

బస్టాండు ఎదురు బండి దగ్గర టిఫిను. ఉప్మా మీద ఘుగుని, అంటే ఎండు బఠాణీల కూర, దానిమీద సన్నగా తరిగిన ఉల్లిపాయ. అడ్డాకు దొప్ప నిండా 30 రూపాయలు. దక్షిణ ఒడిశాలో చాలాచోట్ల ఇదే వాడుక, ఇడ్లీకైనా ఘుగుని పోస్తారు. బండి నడిపే ఆవిడ నేను మాట్లాడిన రెండు ఒడియా ముక్కలు విని, "తెలుగేనా అమ్మా? మాది పార్వతీపురం" అంటూ ఇంకో గరిటె వేసింది. దానికి డబ్బులిస్తే తీసుకోలేదు.

కోరాపుట్‌లో సోవా అనే స్వచ్ఛంద సంస్థ నడిపే కమ్యూనిటీ రేడియో ఉంది. పేరు రేడియో ధింసా. అరకులో మనం చూసే ధింసా ఆట పేరే. మన దేశంలో ఇలాంటి రేడియోలకు దారి అంత తేలిగ్గా దొరకలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా 2002లో విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి ఇచ్చారు, స్వచ్ఛంద సంస్థలు 2006 చివరిదాకా ఆగాల్సొచ్చింది. మన జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరులో మొదలైంది. లైసెన్సు రాకముందు ఏళ్ళ తరబడి వాళ్ళు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకునేవారు. ఆ పట్టుదల గురించి ఎప్పుడు తల్చుకున్నా నాకు గర్వంగా ఉంటుంది.

నిబంధనల ప్రకారం ఇలాంటి స్టేషన్ బలం 100 వాట్లు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారవ్వాలి. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు వినిపించవచ్చు. 100 వాట్లంటే మైదానంలో పది పదిహేను కిలోమీటర్లు వస్తుంది. కోరాపుట్‌లో ఆ లెక్క కుదరదు. ఎఫ్ఎం తరంగం తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే అక్కడితో ఆగుతుంది.

పల్లెల్లో తిరిగి పాటలు రికార్డు చేసే ఇద్దరు కుర్రాళ్ళు మధ్యాహ్నం ఒక ఊరికి వెళ్తుంటే వాళ్ళతో కలవాలని ఆటో ఎక్కాను. ఆ పేరుతో రెండు ఊళ్ళున్నాయి, ఒకటి 'బొడ', రెండోది 'సాన'. పెద్దదీ చిన్నదీ అన్నమాట. ఆటో పెద్ద ఊరికి పోయింది. అక్కడి చెట్టు కింద పెద్దాయన కర్రతో నేల మీద గీత గీసి, ఈ గట్టు దిగి వాగు దాటితే సాన ఊరని చెప్పాడు. ఆటో వాగు దాటదు. ఎండలో అరగంట నడక. దారంతా ఇప్పచెట్లు, కింద రాలిన పువ్వు ఏరుతున్న పిల్లలు.

నేను చేరేసరికి రికార్డింగుకు అంతా సిద్ధం. అరచేతిలో పట్టే రికార్డరు, దానికి నురుగు తొడుగు. ఒక కుర్రాడు కోడిపెట్టల్ని గంప కింద మూసి, గంప మీద గోనెసంచి కప్పాడు. ఇంకొకడు అరుగు చివరన కూర్చున్న ముసలావిణ్ణి మధ్యలోకి రమ్మన్నాడు. ఆవిడ కదల్లేదు. ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, నిలబడే ధింసా పాట ఎత్తుకున్నారు. భాష దేశియా, కోరాపుట్ కొండల్లో రకరకాల తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే భాష. నాకు పావు వంతు అర్థమైంది. చోడి, అంటే రాగి, విత్తడానికి ఏ కొండ మీదికి ముందు పోవాలి, ఏ కొండకి తర్వాత పోవాలి అని సాగుతుంది పాట.

పాట అయ్యాక కుర్రాడు చిన్న స్పీకరు తగిలించి వెంటనే వినిపించాడు. సగంలో ఆ ముసలావిడ అరుగు మీద చరిచింది. రెండు కొండల పేర్లు ముందువెనకలయ్యాయట. మొదట ఎండ తగిలే కొండ, తర్వాత నీడ కొండ, అలా విత్తితేనే పంట. ఆడవాళ్ళు నవ్వి, ఒప్పుకుని, మొదటినుంచీ పాడారు. ఈసారి ఆవిడ కూడా మధ్యలోకి వచ్చింది.

నేను స్టూడియోలో అలాంటి పాటలు ఎన్నో విన్నాను. తప్పు దొర్లినా మాలో ఒక్కరికీ తెలిసే అవకాశం లేదు. ఊళ్ళో పాడి ఊళ్ళోనే వింటే పాటకు కాపలా ఉంటుంది. ఈ యాత్రంతా నేను వెతికింది ఇదే.

ప్రసారం గురువారం సాయంత్రమని చెప్పారు. ఈ ఊరికి కొండ అడ్డు. ఫోన్లో ఎఫ్ఎం పెట్టి, ఇయర్‌ఫోన్ తీగ ఏంటెన్నాగా గుచ్చితే ఒక్క ఇంటి వసారాలోనే స్పష్టంగా వస్తుంది. అందుకని ఆ ఇంటివాళ్ళు ప్రసారం ఉన్న రోజున వసారా అలికి, చాపలు పరుస్తారు. బయల్దేరేముందు ఎండు సొరకాయ బుర్రలోంచి రాగి అంబలి పోశారు, మండియా పేజ్ అంటారు. వచ్చినవాళ్ళు తాగితే గానీ ఇంటివాళ్ళు ముట్టరు. సగంలో ఆపడం మర్యాద కాదు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఆఖరిదాకా తాగాను.

ఏప్రిల్ 7, జయపురం

ఇక్కడ ఎక్కువ సేపు లేను. ఊళ్ళో ఆకాశవాణి కేంద్రం అరవైలనాటిది. ఇక్కడి పాత రాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్నవాడు. ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన పండితుడు. కోట గుమ్మం ఎదురుగా బట్టల కొట్లో కూర్చున్న కోమట్ల పెద్దాయన మూడు తరాలుగా ఇక్కడే ఉన్నానని చెప్పి, "మా తాత రాజుగారి ముందు హరికథ విన్నాడమ్మా, నేను ట్రాన్సిస్టర్లో విన్నాను, మా మనవడు ఏదీ వినడు" అన్నాడు. మనవడు అక్కడే ఉన్నాడు. "వింటాను తాతా, నువ్వు చెప్పవుగా" అన్నాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు.

ఏప్రిల్ 8, చాటికోన, రాయగడ

రాయగడలో మా పిన్ని ఉంటుంది. ఆవిడ కొడుకు, నాకు తమ్ముడు, తెల్లవారుజామునే బండి తీశాడు. బుధవారం చాటికోన సంత. నియమగిరి మీదినుంచి డొంగ్రియా కొంధులు దిగి వస్తారు. "కెమెరా సంచిలోంచి తీయకప్పా, ఫోనూ ఎత్తకు" అని తమ్ముడు దారిలోనే చెప్పాడు. చెప్పడం మంచిదైంది. చాలామంది వాళ్ళను వింతగా చూడ్డానికే వస్తారు, ఆ చూపు వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

సంత ఏడింటికే నిండింది. పసుపు, అల్లం, పనసకాయలు, చింతపండు, అడ్డాకుల కట్టలు. ఆడవాళ్ళ తలల నిండా పిన్నులు, ముక్కుకు మూడు రింగులు, భుజం మీద ఎర్ర దారంతో కుట్టిన కపడాగండా శాలువా. తూకానికి ఒప్పుకోరు, కుప్ప లెక్కే. అల్లం కుప్ప 40 అంటే 40. బేరం ఆడబోయిన ఒక వ్యాపారిని ఆవిడ చూడనైనా చూడలేదు, కుప్పను తన వైపు జరుపుకుంది.

సంత మధ్యలో వెదురు గుంజకు లౌడ్‌స్పీకరు కట్టి ఉంది. టీకాల గురించి ఒడియాలో చెప్పారు, ఎవరూ తలెత్తలేదు. తర్వాత ఒకమ్మాయి మైకు తీసుకుని అదే సంగతి కొంధుల భాష కువిలో చెప్పింది. చెప్పడం కూడా ప్రకటనలా కాదు, పాట బాణీలో. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆగారు. ఒక ముసలామె గట్టిగా ఏదో అడిగింది, ఆ పిల్ల మైకులోనే జవాబు చెప్పింది. నలుగురూ నవ్వారు.

2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద నియమగిరిలో 12 పల్లెల్లో గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ తేల్చి చెప్పాయి. కొండ తమకు దేవుడు ఎందుకో వాళ్ళ మాటల్లో వాళ్ళు చెప్పుకున్నారు. ఆ కొండల కింద నిలబడి ఆ పిల్ల గొంతు వింటుంటే, మనిషి తన భాషలో మాట్లాడగలగడానికి ఎంత విలువుందో నాకు మళ్ళీ తెలిసొచ్చింది.

రాత్రి పిన్ని ఇంట్లో చేపల పులుసు, బడిచూర. మినప వడియాల్ని నూరి ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపేదే బడిచూర. చద్దన్నంలోకి దాన్ని మించింది లేదు, ఎండాకాలంలో ఇక్కడ ఒడియా ఇళ్ళలోనూ తెలుగు ఇళ్ళలోనూ మధ్యాహ్నం అదే భోజనం. పిన్ని పాత మాటే ఎత్తుకుంది. "బళ్ళో ఒడియా సదువుకుంటన్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడతన్నారు, రాయడం ఎవలికీ రాదు. మన పాట ఇనాలంటే రేడియో తిప్పి తిప్పి విశాఖ పట్టాల."

గౌరమ్మ పాట పాడమని అడిగితే ఒక్కదాన్నీ పాడనంది. అలాంటి పాట ఒంటిగా పాడేది కాదట. పక్కింటావిణ్ణి, ఎదురింటి ఒడియా కోడల్నీ పిలిచింది. ఆ కోడలికి పాట మొత్తం వచ్చు. పదాలు తెలుగు, యాస ఒడియా. తమ్ముడు ఫోనులో రికార్డు చేసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. పొద్దున్నకు బొబ్బిలి నుంచి మా పెద్దమ్మ ఇంకో చరణం పాడి పంపింది. పిన్ని దాన్ని మూడుసార్లు వింది.

ఏప్రిల్ 9, గుణుపురం

ఈ రోజు ఎక్కువసేపు గడిపింది ఒక మొబైల్ రిపేరు కొట్లో. బజారు చివర, ఎనిమిదడుగుల గది. ముందు అద్దాల బల్ల, వెనక పాత కంప్యూటరు. కొండమీది పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఫోనిచ్చి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకుంటారు. కార్డు నింపితే 30 రూపాయలు. చాలా పల్లెల్లో నెట్ అందదు, అందిన చోట నిలవదు. రేడియో తరంగం రాని ఊళ్ళకు ఈ కొట్టే స్టేషను.

కొట్టు నడిపే అబ్బాయి తెలుగువాడు, కాశీనగర్ అమ్మమ్మగారి ఊరట. నన్ను లోపలికి రమ్మని స్టూలు వేశాడు. తెర మీద ఫోల్డర్లు వరసగా ఉన్నాయి: సవర, దేశియా, ఒడియా, తెలుగు, డీజే, భజన. సవర ఫోల్డరు తెరిస్తే వందల పాటలు. చాలావరకు ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళు పాడి, ఇంట్లోనే గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి రికార్డు చేసినవి. కీబోర్డు మోత ఎక్కువ, గొంతును మిషనుతో సాగదీస్తారు. పాత పాటలు తెలిసినవాళ్ళకు నచ్చదు. నాకు మాత్రం బాగానే అనిపించింది, ఎందుకంటే మాటలు సవరలో ఉన్నాయి, పాడేవాళ్ళకు పద్దెనిమిది ఇరవై ఏళ్ళు.

నన్ను బాధపెట్టింది వేరు. ఫైలు పేర్లన్నీ 'సవర కొత్తది 14', 'సవర పెళ్ళి 3' ఇలా ఉన్నాయి. పాడినవాళ్ళ పేరు లేదు, ఊరు లేదు. ఆ మాటే అన్నాను. అబ్బాయి ఆలోచించి, అప్పుడే కార్డు నింపించుకోవడానికొచ్చిన ఒక సవర అన్నను పిలిచి వినిపించాడు. ఆయన గొంతులు గుర్తుపట్టి ఒక్కొక్కటీ చెప్పాడు, ఇది ఫలానా ఊరి పిల్ల, ఇది మా బావమరిది. నేనుండగానే ఒక పేజీడు పేర్లు మారాయి. కొట్టుకొచ్చేవాళ్ళని రోజూ అడిగి మిగతావీ మారుస్తానన్నాడు.

ఆ సవర అన్నే సాయంత్రం తన ఊరికి తీసుకెళ్ళాడు. వాళ్ళ ఇంట్లో లోపలి గోడమీద ఇడితల్ ఉంది. ఎర్రమట్టి పూసిన గోడ, బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు: మనుషులు, ఏనుగు, చెట్టు, ఎక్కడో ఒక మూల సైకిలు. పోయినవాళ్ళ కోసం, దేవతల కోసం మొక్కుకుని వేయించే బొమ్మ ఇది. అలంకారం కోసం వేసేది కాదు. అందుకే ఫొటో అడగలేదు. గిరిజనుల జీవితాన్ని పరిశోధించిన వెరియర్ ఎల్విన్ గత శతాబ్దం మధ్యలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. ఇప్పుడివి చీరల మీదికీ, హోటల్ గోడల మీదికీ ఎక్కాయి. ఏ గోడ ఎవరి కోసం వేశారో ఆ ఇంటివాళ్ళు చెప్పినప్పుడు మాత్రమే బొమ్మ మొత్తం కనిపిస్తుంది. ఆ అన్న ఒక్కో మూల చూపించి, ఇది మా నాన్న ఎక్కిన బస్సు, ఇది అతనికి ఇష్టమైన జీలుగు చెట్టు అని చెప్పాడు. జీలుగు కల్లు ఇచ్చారు, పులుపెక్కని తాజాది. నేలమీద రెండు చుక్కలు వంపి తర్వాతే తాగాలి.

సవరలకు సొంత లిపి ఉంది. మంగేయి గొమాంగో 1936లో తయారుచేశాడు, 24 అక్షరాలు. ఆ ఇంటి పిల్ల ఒకటో తరగతి పలక మీద ఒడియా అక్షరాలు దిద్దుతోంది, వాళ్ళ నాన్న పక్కనే తలుపు మీద సుద్దతో ఆ లిపిలో పేరు రాసి చూపించాడు.

ఏప్రిల్ 10 నుంచి 12, పర్లాకిమిడి

వంశధార పక్కనే రైలు. ఒకప్పుడు ఇది పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వేశారు, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడు పెద్ద లైను.

ఈ ఊరికి వస్తే గిడుగు రామమూర్తి పంతులుగారిని తల్చుకోకుండా ఉండలేం. రాజావారి బడిలో మాస్టారుగా వచ్చి, సవరల భాష వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టి పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆ ముసలి వయసులో ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే కొండమీద సవర లిపి పుట్టింది. వాడుక భాషకు పోరాడిన మనిషి వింటే ఎంత సంతోషించేవాడో.

తెలుగు వీధుల్లో పొద్దున్న పెసరట్టు, సాయంత్రం బర, అంటే మన వడ. కొమ్ము పనివాళ్ళ కొట్లో చిన్న కొంగ బొమ్మ 250 రూపాయలు. మెడ వంపు ఎలా తెస్తారని అడిగితే పనాయన కొమ్మును నిప్పుమీద వేడిచేసి, పటకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కసారి తిప్పాడు. పది గడియల పనిలో ఆ క్షణం తప్పితే అంతా పోయినట్టే అన్నాడు. నేను బేరం చేయలేదు.

శనివారం రాత్రి ఊరికి కొంచెం దూరంలో పల్లెలో ప్రహ్లాద నాటకం. ఈ నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుమీద ఉంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నాటిది. జలంతరకోట ఇవాళ మన శ్రీకాకుళం జిల్లాలో, సోంపేట దగ్గర. రాసిన చోటు ఆంధ్రలో, ఆడే చోటు ఒడిశాలో. మధ్యలో సరిహద్దు ఎప్పుడొచ్చిందో నాటకానికి తెలియదు.

వీధి ఒక కొసన ఏడు మెట్ల చెక్క వేదిక. పై మెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. ఎదురుగా నేలమీద ఆట, రెండు పక్కలా జనం, నడుమ తాళాలు పట్టుకుని గాహక. ఆయనే సూత్రధారుడు, ఆయన పాట ఎత్తితే పాత్ర అందుకుంటుంది. మహురీ అనే సన్నాయి, మర్దల అనే మద్దెల. రాజు ఒక్కో మెట్టూ దిగుతూ ఆడతాడు, కోపం వస్తే మళ్ళీ పైకి ఎక్కుతాడు. మన వీధి భాగవతాలు చూసినవాళ్ళకు ఆ నడక కొత్తగా అనిపించదు. నా పక్కన కూర్చున్న తెలుగు అవ్వ ఒడియా పాటకు ముందే పదాలు అందించేస్తోంది. "సిన్నప్పుడు నుంచీ సూస్తన్నానమ్మా" అంది.

రెండింటికి టీ విరామం. గాహక డెబ్బై దాటిన మనిషి. తెలుగు, ఒడియా రెండూ సమంగా మాట్లాడతాడు. రాత్రికి బృందానికి పాతిక వేలు, ఊరంతా చందా వేసుకున్నారని చెప్పాడు. పెద్ద పట్నాల్లో ఉత్సవాలకు పిలుస్తారా అని అడిగాను. "పిలుస్తారు తల్లీ. పది నిమిషాల్లో సెయ్యమంటారు. పది నిమిషాల్లో రాజు మెట్లే దిగడు. తంభంలోంచి స్వామిని నేరుగా రప్పించీమంటారు." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కార్యక్రమాలు వేసేవాళ్ళందరూ వినాల్సిన మాట. వేదికలు పెరిగాయి, సన్మానాలు పెరిగాయి, కళకు ఇచ్చే సమయం మాత్రం తరిగిపోయింది. ఒక రాత్రి మొత్తం ఇవ్వలేని ఉత్సవానికి ప్రహ్లాద నాటకాన్ని పిలవకపోవడమే న్యాయం.

తెల్లవారుజామున నరసింహుడు. చెక్క ముఖానికి ఏడాదంతా గుళ్ళో పూజ జరుగుతుంది. వేసుకునేవాడు ఉపవాసం ఉంటాడు. స్తంభం చీల్చుకుని రాగానే నలుగురు మనుషులు నడుం పట్టుకున్నారు, ఆగలేదు, ఇంకో ఇద్దరు కలిశారు. ఆడవాళ్ళు హుళహుళి కూత పెట్టారు. ముఖం తీసేసరికి ఆ మనిషి కింద పడిపోయాడు, ఎవరో నీళ్ళు చల్లారు. నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు లేపి చూపించారు. ఆ అవ్వ మాత్రం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది.

ఏప్రిల్ 13, బరంపురం

దేరా వీధిలో మగ్గాల చప్పుడు. బరంపురం పట్టు నేసేది తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చిన దేరా కులంవారు. రెండేళ్ళకోసారి చైత్రంలో వాళ్ళ ఇలవేల్పు బుఢీ ఠాకురాణి జాతర, ఊరంతా వేషాలు కడుతుంది. ఈ ఏడు వంతు కాదు. ఒక ఇంటి పెద్దాయన మగ్గం ఆపి, మామిడికాయ పచ్చడి తీసుకెళ్ళమని సీసా ఇచ్చి, జాతరకు మళ్ళీ రమ్మన్నాడు. బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు కొనకుండా ఎవరూ రైలెక్కరు. నేనూ కొన్నాను, 400 రూపాయలైంది.

ఏప్రిల్ 14, సంక్రాంతి, గంజాం పల్లె

ఒడియావాళ్ళకు ఈ రోజు కొత్త సంవత్సరం, పణా సంక్రాంతి. తులసికోట మీద చిల్లుపెట్టిన కుండ కట్టి నీళ్ళు చుక్కచుక్కగా పడనిస్తారు. ఏ ఇంటికి వెళ్ళినా మారేడు గుజ్జు, అరటిపండు, ఛెనా (విరిగిన పాలముద్ద) కలిపిన పణా ఇస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు.

దండనాటకు ఈ రోజే ఆఖరు. పదమూడు రోజులు, కొన్నిచోట్ల ఇరవయ్యొక్క రోజులు, భక్తులు ఇల్లు విడిచి, ఒంటిపూట తింటూ ఊరూరా తిరుగుతారు. తింటున్నప్పుడు మనిషి గొంతు చెవిన పడితే విస్తరి ముందునుంచి లేచిపోతారు, అందుకని పక్కన ఢోలు ఆగకుండా వాయిస్తారు. ఎవరైనా మొక్కుకుని పిలిస్తే వాళ్ళ వాకిట్లో పగలు కాలే దుమ్ములో ధూళి దండ, సాయంత్రం చెరువులో పాణి దండ, రాత్రంతా ఆట. శివపార్వతులు, సవర జంట, పిట్టల్ని పట్టే చఢెయా దంపతులు, చివర్లో బీనకారుడు వచ్చి ప్రశ్నకు ప్రశ్న వేస్తూ పద్యాల్లో వాదన. కులం, చదువు అడగరు. మగవాళ్ళెవరైనా దండువా, అంటే ఇలా దీక్ష పట్టిన భక్తుడు, కావచ్చు.

ముందు రాత్రి నుంచీ ఆట సాగుతూనే ఉంది. జనం ముందు వరసలో ఒక కుర్రాడు పొడుగాటి వెదురుకు ఫోను కట్టి పట్టుకున్నాడు. పక్కన పవర్ బ్యాంకులు మూడు. గంజాం నుంచి లెక్కలేనంత మంది సూరత్ మగ్గాల్లో పనిచేస్తారు. ఆ కుర్రాడు వాళ్ళ కోసం ఊరి పేరుతో లైవ్ పెట్టాడు. అక్కడ షిఫ్టు దిగినవాళ్ళు గదుల్లో చేరి చూస్తున్నారు. డేటా ఖర్చు సూరత్‌వాళ్ళే పంచుకుంటారట. రాత్రికి వంద, నూటయాభై.

మధ్యలో కోస్తావా, మంచి చోట్లే చూపిస్తావా అని అడిగాను. "కోస్తే తిడతారక్కా" అన్నాడు. అంతలో ఎవరో ఫోన్ చేసి, మా అన్న ఢోలు కొడుతున్నాడు, అటు తిప్పమన్నారు. తిప్పాడు. ఢోలు వాయించే మనిషి వెదురు వంక చూసి దరువు పెంచాడు. వాకిట్లో జనం ఈల వేశారు. ఇంకో గొంతు, సవర వేషం వేసినవాడు రెండో పదం మింగేశాడని చెప్పింది. కుర్రాడు ఆ మాట అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. వేషగాడు ఒప్పుకోలేదు, తన గురువు అలాగే నేర్పాడన్నాడు. పాట ఆపి కాసేపు వాదించుకుని, పాట్ట దండువా, అంటే బృందం పెద్ద, తేల్చాక మళ్ళీ మొదలుపెట్టారు.

మధ్యాహ్నం ఆఖరి తంతు మేరు ముగిశాక, దండువాలు స్నానం చేసి ఇళ్ళకు వెళ్ళబోతుండగా సూరత్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. భార్యకు ఒంట్లో బాగా లేదు, వచ్చే ఏడు మా వాకిట్లో ఆడాలి, మొక్కుకున్నాను అన్నాడు. పాట్ట దండువా అట్టలు ఊడిన నోటుపుస్తకం తెరిచి, కళ్ళజోడు సరిచేసుకుని, ఇంటి పేరు, వీధి, ఎన్నో రోజు కావాలో అడిగి రాసుకున్నాడు. ఆ పేజీలో అప్పటికే నాలుగు పేర్లున్నాయి, ఇది ఐదోది.